లైసెన్సు ఎవరి పేరు మీద

కొండల్ వచ్చినప్పుడల్లా టీ పెట్టడం అనసూయ పని. ఆ సాయంత్రం మునగాల బడి నుంచి వచ్చి ఆమె ఇంకా చెప్పులు విప్పలేదు, ముందుగదిలోంచి భర్త లక్ష్మీనర్సయ్య గొంతు వినిపించింది. "కొండల్ వచ్చిండు. జర అల్లం దంచి వెయ్యి."

బస్సు ఆలస్యమైన రోజున అయితే ఆ గొంతు వేరుగా ఉండేది. ఏ బస్సు, ఎక్కడ ఆగింది, పక్క సీట్లో ఎవరు కూర్చున్నారు, టికెట్ ఏది, అని ఒక్కొక్కటే అడిగేవాడు. కరెంటాఫీసులో గుమాస్తా కదా, కాగితం చూడందే దేన్నీ నమ్మడు అని మొదట్లో తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇవాళ మాత్రం ఏమీ అడగలేదు. బల్ల మీద ఇంటి ప్లాను పరుచుకుని ఇద్దరూ దాని మీదికి వంగి ఉన్నారు.

టీ గ్లాసులు పెడుతూ అనసూయ ఆ ప్లాను చూసింది. వంటిల్లు వెనక మూలన ఉంది. కిటికీ లేదు. సూర్యాపేటలో ఆ జాగా కొన్నది ఆమె జీతం మీద, ఇల్లు కట్టడానికి లోను వచ్చింది ఆమె ఉద్యోగం మీద, పట్టా కూడా ఆమె పేరునే ఉంది. అయినా వంటింటికి కిటికీ కావాలా అని ఆమెను ఎవరూ అడగలేదు.

"కిటికీ ఎందుకు వదినె, పైన జాలీ పెడ్తం. పొగ అదే పోతది" అన్నాడు కొండల్, ఆమె చూపు కనిపెట్టి. లక్ష్మీనర్సయ్యకు చిన్నప్పటి దోస్తు, ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. నవ్వుతూనే మాట్లాడతాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆమెకు ఎందుకో కొంగు సర్దుకోవాలనిపిస్తుంది.

"అన్నా, మీకు కాంట్రాక్టు లైసెన్సు ఉన్నదా?" అని అడిగింది.

ఇద్దరూ ప్లాను మీంచి తలెత్తి చూశారు. తరువాత లక్ష్మీనర్సయ్య పెద్దగా నవ్వాడు. "టీచరమ్మ గదా, ఇంట్ల గూడ హాజరు పిలుస్తది. ఏమనుకోకురా."

"అడగాలె, తప్పేమున్నది. వచ్చేటప్పుడు తెస్త వదినె" అన్నాడు కొండల్. అన్నమాట ప్రకారమే మళ్ళీ వచ్చినప్పుడు లైసెన్సు జిరాక్సు తెచ్చాడు. ప్రభుత్వ ముద్ర ఉంది, నంబరు ఉంది. పేరు ఉండాల్సిన చోట మాత్రం నల్లగా మరక పడింది. "మిషిను మంచిగ లేదు వదినె" అన్నాడు. మిగతా అక్షరాలన్నీ మంచిగానే పడ్డాయి. ఆ కాగితాన్ని ఆమె బడి సంచీలో పెట్టుకుంది.

కొండల్ వెళ్ళాక లక్ష్మీనర్సయ్య నవ్వలేదు. "దోస్తు ముంగట నా ఇజ్జత్ తీసినవ్. మనిషి మీద జర నమ్మకముండాలె" అన్నాడు. అనసూయ గిన్నెలు తోముతూ ఆ మాట గురించే ఆలోచించింది. పెళ్ళికి ముందు అత్త శాంతమ్మ ఆమె గురించి ఎంత ఆరా తీసిందని. గరిడేపల్లిలో ఆమె పుట్టింటి ఇరుగుపొరుగును అడిగారు. ట్రైనింగు చదివిన చోట హాస్టలు వాచ్‌మన్‌ను అడిగారు, ఆదివారాలు ఎవరన్నా వచ్చేవాళ్ళా అని. పెళ్ళయ్యాక శాంతమ్మ ఆ సంగతి దాచలేదు సరికదా, "కుండ కొన్నా కొట్టి సూస్తం, కోడల్ని సూడమా" అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంది. అనసూయ తరఫున మాత్రం ఎవరూ ఎవర్నీ అడగలేదు. పర్మనెంటు నౌకరి అని చెప్పిన లక్ష్మీనర్సయ్య ఉద్యోగం అప్పటికింకా టెంపరరీ అని కాపురానికి వచ్చాక గానీ తెలియలేదు. తండ్రికి చెబితే, "ఆడపిల్లోళ్ళం, మనం అడిగితే బాగుంటదా బిడ్డా" అన్నాడు. ఒకళ్ళు అడిగితే జాగ్రత్త, ఇంకొకళ్ళు అడిగితే ఇజ్జత్ పోవడం. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. గిన్నెలు ఆరబెట్టి, మళ్ళీ ఒకసారి ఆ జిరాక్సు తీసి చూసింది.

ఆమె నోరు మూయించడానికే లక్ష్మీనర్సయ్య ఒక ఆదివారం ఆమెను కోదాడ తీసుకుపోయాడు, కొండల్ కట్టిన ఇల్లు చూపిస్తానని. ఇల్లు చూడటానికి బాగానే ఉంది. మగవాళ్ళు మేడ మీద తిరుగుతుంటే, ఆ ఇంటి ఇల్లాలు రాములమ్మ అనసూయను వంటింట్లోకి పిలిచి పీట వేసింది. కాసేపు కుండీల్లో మొక్కల గురించి మాట్లాడి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మీరు కూడా కొండల్ గారికే పని ఇస్తున్నారా అండి?"

"ఇంకా ఇయ్యలే. ఎందుకు?"

"మా వారికి చెప్పకండేం. శ్లాబు పోసేటప్పుడు కింద పెట్టిన కర్రలు జారి, కూలికొచ్చిన పిల్ల మీద పడ్డాయి. కాలు విరిగింది. పోలీసులొచ్చారు. కాంట్రాక్టర్ని స్టేషనుకు తీసుకెళ్ళారని అందరూ అన్నారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నానమ్మా. కొండల్ గారు మా అరుగు మీదే నించుని ఉన్నారు."

"మరి ఎవర్ని తీసుకపోయిన్రు?"

"అదే నాకూ అర్థం కాలేదు. మా వారినడిగితే నీకెందుకన్నారు."

తిరుగు బస్సులో అనసూయ అదే ప్రశ్న భర్తను అడిగింది. లక్ష్మీనర్సయ్య కిటికీ బయటికి చూస్తూ, "ఆడోళ్ళు పొయ్యికాడ మాట్లాడుకునేటియి నాకు చెప్పకు" అన్నాడు. ఆ మాట కన్నా, అతను ఆశ్చర్యపోకపోవడం ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. కూలిపిల్ల కాలు విరిగిందంటే, ఎప్పుడు, ఎట్లా అని ఏ మనిషైనా అడుగుతాడు కదా.

ఆ వారంలోనే ఒకరోజు బడికి సెలవు పెట్టి, మునగాల బస్సు వదిలేసి మిర్యాలగూడ బస్సెక్కింది. ఇంట్లో చెప్పలేదు. దారిపొడుగునా తనను తెలిసినవాళ్ళెవరైనా చూస్తున్నారేమో అని వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉంది. తప్పు చేసిన కొండల్ నవ్వుతూ తిరుగుతున్నాడు, అడగబోతున్న తను మాత్రం మొహం దాచుకుంటున్నది. అది తలుచుకుంటే ఒళ్ళు మండింది.

జిరాక్సు మీదున్న ముద్ర అక్కడి కాంట్రాక్టర్ల లైసెన్సు ఆఫీసుదే. గుమాస్తా ఆమెను ఎగాదిగా చూసి, "సారు రాలేదా అమ్మా?" అన్నాడు.

"జాగా నాది. లోను నాది. నేనే వచ్చిన" అంది.

ఆయన నంబరు చూసుకుని, రిజిస్టరు తీసి, ఒక వరస మీద వేలు పెట్టాడు. "లైసెన్సు నిజమైనదే. పుష్పాబాయి, భర్త ధన్‌సింగ్. ఈ పక్క తండానే."

"కొండల్ అనే పేరు లేదా?"

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అసొంటోళ్ళ పేర్లు ఎందుకుంటయమ్మా. తన పేరు మీదుంటే, రేపు ఏదన్న కూలితే తన మీదికే వస్తది గదా."

తండాకు పోయే జీపులో అనసూయ జిరాక్సున్న సంచీని ఒళ్ళోకి లాక్కుంది. పుష్పాబాయి వాళ్ళూ కొండల్ మనుషులేనేమో. తను వచ్చినట్టు చెప్పేస్తారేమో. పుష్పాబాయి ఇంటి ముందు కూర్చుని రోట్లో మిరపకాయలు దంచుతున్నది. నలభై దాటిన మనిషి. పక్కన నులకమంచం మీద ఒక పడుచుపిల్ల, కాలు చాపుకుని ఉంది. ఆ కాలు మోకాలి కింద వంకరగా అతుక్కుంది.

"కాంట్రాక్టర్ పుష్పాబాయి మీరేనా?" అని అడిగింది అనసూయ.

రోకలి ఆగింది. "ఎవలు పంపిన్రు నిన్ను?"

"ఎవరు పంపలే. నేను పంతులమ్మను. సూర్యాపేట నుంచి వచ్చిన."

"గట్లనే వస్తరు. ముందుగాల ఒకలు వచ్చి, బర్రెల లోను వస్తదని ఫోటో దించిన్రు, ఏలిముద్ర ఏయించుకున్నరు. బర్లు రాలె, పోలీసోళ్ళు వచ్చిన్రు. పొద్దంత కోదాడ ఠాణాల గచ్చు మీద కూసోపెట్టిన్రు నన్ను. ఏం తప్పు చేసిన్నో చెప్పరైరి. మా సెల్లె సాలి గీడ కాలిరిగి దవాఖానల పండె, నేనేమో గాడ." మంచం మీది పిల్ల తల తిప్పుకుంది. "ఆఖరికి కొండల్ సారు వచ్చి ఇడిపిచ్చిండు. దేవునసొంటోడు. ఇప్పుడు నువ్వు ఏం ఏయించుకోనీకి వచ్చినవ్?"

అనసూయ మంచం మీది ఆ కాలు వైపు చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, జిరాక్సు తీసి, పేరు లేని ఆ మరక మీద వేలు పెట్టి, మెల్లగా చెప్పింది. ఆ లైసెన్సు నీది. పోలీసుల లెక్కలో కోదాడలో ఆ ఇల్లు కట్టింది నువ్వు, కర్రలు సరిగా పెట్టించనిది నువ్వు, నీ చెల్లెలి కాలు విరగ్గొట్టింది కూడా నువ్వే. అందుకే నిన్ను కూర్చోబెట్టారు.

పుష్పాబాయి నమ్మలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. మొగుణ్ణి అడుగుతానంది. ధన్‌సింగ్ కొండల్ దగ్గరే మేస్త్రీ. సాలి మాత్రం మంచం మీద లేచి కూర్చుని, తమ భాషలో అక్కతో ఏదో గట్టిగా అన్నది. పుష్పాబాయి మళ్ళీ రోకలి అందుకుంది.

"పేరు తీసేయమని ఆఫీసుల రాసియ్యొచ్చు. సోమవారం పొద్దున మిర్యాలగూడ బస్టాండుల ఉంట. వస్తె రా. నీ ఇష్టం" అని చెప్పి అనసూయ వచ్చేసింది.

శనివారం సాయంత్రం కొండల్ అగ్రిమెంటు స్టాంపు కాగితాలతో దిగాడు. లక్ష్మీనర్సయ్య పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చాడు. అనసూయ కాగితం మొత్తం చదివింది. చదువుతున్నంతసేపూ ఇద్దరూ అసహనంగా కదులుతూనే ఉన్నారు.

"పుష్పాబాయి ఏది?" అంది. "లైసెన్సు ఆమెది గదా. ఆమె రాకుండ నేనెట్ల పెడ్త సంతకం?"

కొండల్ మొహంలో నవ్వు పోయింది. లక్ష్మీనర్సయ్య మొహం ఎర్రబడింది. అయితే అతను అడిగింది వేరే. "మిర్యాలగూడకు ఎప్పుడు పోయినవ్? ఎవలతోని పోయినవ్?"

"ఇంటాయనకు తెల్వకుండ ఆడమనిషి ఊర్లు తిరగడం..." అని కొండల్ నసిగాడు.

"మీకు ముందే ఎరికేనా?" అని భర్తనే చూస్తూ అడిగింది అనసూయ.

"ఎరికైతే ఏంది? అందరు గట్లనే చేస్తరు. పేరు ఎవరిదైతేంది, పని చేసేది వాడు."

"ఆమెను పొద్దంత ఠాణాల కూసోపెట్టిన్రు."

"మనల్ని కూసోపెట్టలే గదా."

మనల్ని. అనసూయ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. అందులో తనున్నదా? రేపు ఈ ఇంటి శ్లాబు కింద ఇంకో సాలి పడితే, ఇల్లు ఎవరిదని పోలీసులు అడిగితే, పట్టా మీద ఉన్నది ఎవరి పేరు? అరుగు మీద నవ్వుతూ నిలబడేది ఎవరు? ఇన్నేళ్ళూ జాగా తన పేరు మీద కొన్నందుకు ఈ మనిషి మంచితనమని లోలోపల మురిసిపోయింది. మంచితనం కాదు, లోను ఆ పేరుకే వస్తుంది కాబట్టి. బర్రెలొస్తాయని పుష్పాబాయి ఆశపడ్డట్టే, ఇల్లొస్తుందని తనూ ఆశపడింది. చదివి సంతకం పెట్టిందా, చదవకుండా వేలిముద్ర వేసిందా అన్నదే ఇద్దరికీ తేడా.

ఆమె పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"సంతకం పెట్టకుంటే ఇల్లు ఆగుతది" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"ఆగనీయున్రి."

ఆ ఏడు ఇల్లు మొదలు కాలేదు. ఊరి నుంచి అత్త శాంతమ్మ వచ్చి, కొడుకు చేతికి అందిన ఇల్లు కోడలు జారవిడిచిందని వారం పాటు దెప్పింది. కొండల్ ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు. లక్ష్మీనర్సయ్య ఆమెతో చాలారోజులు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ఆమె భయపడినంత బరువుగా లేదు.

అదంతా తరువాతి మాట. సోమవారం పొద్దున అన్నం వార్చి, కూర దించి, చీర మార్చుకుని, పేపరు చదువుతున్న భర్త ముందు నిలబడి ఎక్కడికి పోతున్నదీ చెప్పింది. అతను పేపరు దించలేదు. ఆమె ఆగలేదు.

మిర్యాలగూడ బస్టాండులో చాలాసేపు చూసింది. రారేమో, ధన్‌సింగ్ ఆపాడేమో, కొండల్ చెవిన పడిందేమో అని మనసు పరిపరివిధాల పోయింది. తిరిగిపోదామనుకునేసరికి జీపులోంచి సాలి కర్ర ఊతంగా దిగింది, వెనక పుష్పాబాయి. ఇద్దరూ దగ్గరికొచ్చారు. పుష్పాబాయి కళ్ళలో అనుమానం ఇంకా అలాగే ఉంది. అనసూయ వెంట ఇంకెవరైనా ఉన్నారేమో అని చూసుకుని, అప్పుడు పుష్పాబాయే అడిగింది.

"పంతులమ్మా, మీ ఆయననడిగే వచ్చినవా?"

"చెప్పి వచ్చిన" అంది అనసూయ. "అడగలే."