గడియారాల వెనక పేర్లు

కుర్మయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని సాతంరాయిలో అందరికీ తెలుసు. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా కోపమే, బస్సు ఆపకుండా పోయినా కోపమే. అలాంటి కోపాలను ఎవరూ పట్టించుకోరు. ఆయన భార్య అనంతమ్మ అయితే అసలే పట్టించుకోదు. కానీ ఆ ఆదివారం పొద్దున ఆయన అరవలేదు. బిస్కెట్ల డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టేసి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అనంతమ్మకు అప్పుడు భయమేసింది.

ఆ డబ్బాలో ఉన్నవి ముప్పై రెండు చేతిగడియారాలు. అన్నీ హెచ్.ఎం.టి.వే, అన్నీ కీ ఇచ్చే రకమే, అన్నీ తెల్ల ముఖానివే. ఒకప్పుడు కుర్మయ్య సొంతూరు మేడికుంటలో పెండ్లయిన ప్రతి మగవాడికీ అత్తగారివాళ్ళు అలాంటిదొకటి పెట్టేవారు. శంషాబాద్‌లోని స్టీలు సామాన్ల దుకాణంలో బిందెల మీద, తాంబాలాల మీద పేర్లు చెక్కే పని కుర్మయ్యదే. గడియారాల వెనక మూతల మీద చెక్కేదీ ఆయనే. పేరు, ఊరు, పెండ్లయిన సంవత్సరం. తర్వాత విమానాశ్రయం వచ్చింది. మేడికుంట పొలాలూ ఇండ్లూ రన్‌వే కిందికి పోయాయి, జనం తలా ఒక దిక్కయ్యారు. 2008లో విమానాలు ఎగరడం మొదలయ్యేసరికి అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు, పాత గడియారాలు అటకల మీద. కుర్మయ్య ఇంటింటికీ తిరిగి, వందో రెండొందలో చేతిలో పెట్టి వాటిని పోగుచేశాడు. "మీ పేర్లు నా దగ్గర భద్రంగ ఉంటయ్. ఎప్పుడన్న సూడబుద్ధయితే రాండ్రి" అని చెప్పి మరీ తెచ్చుకున్నాడు. ఊరికే అన్న మాట కాదది. మేడికుంట అన్న పేరు ఇప్పుడు బస్సు బోర్డు మీద లేదు, రేషన్ కార్డుల మీద లేదు. ఆ మూతల మీదే ఉంది.

అందులో ఒక్కటి మాత్రం కొన్నది కాదు. ఐలయ్యది. కుర్మయ్యకు వరుసకు అన్న అయిన ఐలయ్య ఊరు ఖాళీ చేసిన ఏడాదికే పోయాడు. ఆయన భార్య లింగమ్మ ఆరాంఘర్ చౌరస్తాలో మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. "కిరాయి ఇండ్లల్ల తిరుగుతున్న, నా దగ్గరుంటె యాడనో పోతది. నీ దగ్గర అమానతు పెడుతున్న" అని ఆమె తెచ్చిచ్చింది. ఏటా పెత్రమాసకు, అదే పెద్దల అమావాస్యకు, ముందురోజు వచ్చి తీసుకుపోయేది. పెద్దలకు పెట్టేటప్పుడు విస్తరి పక్కన ఆ గడియారం పెట్టి, రెండు రోజులకు తెచ్చి అప్పగించేది. లింగమ్మకు చదువు రాదు. తీసుకునేటప్పుడు వెనక మూత మీద బొటనవేలితో ఒకసారి రుద్ది చూసుకునేది, అంతే.

కుర్మయ్య వారానికోసారి ముప్పై రెండింటికీ కీ ఇచ్చేవాడు. అన్నీ ఒక్కసారి టిక్కుటిక్కుమంటుంటే తృప్తిగా చూసుకునేవాడు. "ఇన్ని గడియారాలు పెట్టుకొని టైమెంతయిందని నన్నడుగుతవేంది" అని అనంతమ్మ దెప్పేది.

ఆ ఏడు, అంటే 2014లో, సెప్టెంబరు నెలలో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసేస్తారని పేపర్లో వచ్చింది. అంతవరకూ ఎవడూ తొంగిచూడని గడియారాల కోసం జనం వెతకడం మొదలుపెట్టారు. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది కుర్మయ్య అల్లుడు వీరేందర్. విమానాశ్రయంలో క్యాబ్ నడుపుతూ, మధ్యమధ్య ప్లాట్ల బ్రోకరు పని చేసేవాడు. ఏ ప్రయాణికుడితో ఏం మాట్లాడాడో గాని, శ్రావణ్‌కుమార్ అనే ఆయన్ని వెంటబెట్టుకొని వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, బెంగళూరులో ఉద్యోగం, పాత గడియారాలంటే ప్రాణం.

శ్రావణ్‌కుమార్ ఒక్కో గడియారాన్నీ తిప్పి వెనక చూశాడు. ఐలయ్యది చేతిలోకి తీసుకొని చాలాసేపు పట్టుకున్నాడు. ఐలయ్య అంటే ఇష్టం కొద్దీ కుర్మయ్య ఆ పేరు కింద చిన్న నాగలి కూడా చెక్కాడు మరి.

"అందరూ ముఖం చూసి కొంటారండీ, నేను వెనకవైపు చూస్తాను. ఇస్తే అన్నీ ఇవ్వండి, విడగొట్టొద్దు. కొన్నది మళ్ళీ అమ్మే అలవాటు నాకు లేదు" అన్నాడు. చెప్పిన ధర విని అనంతమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇయ్యి మామా" అన్నాడు వీరేందర్, ఆయన బయటికెళ్ళగానే. "భూములు చూడలేదా? తొందరపడి అమ్మినోళ్ళు ఏడ్సిండ్రు, ఇంక పెరగాలని కూసున్నోళ్ళు గూడ ఏడ్సిండ్రు. టైం మీద అమ్మినోడే బాగువడ్డడు. ఇప్పుడు గిరాకీ ఉన్నది. ఆరు నెలలైతె ఇనుప సామాన్లోడు గూడ తీస్కోడు."

ఐలయ్యది నాది కాదు, అది ఇయ్య. ఈ మాట కుర్మయ్య అనాలి. అనలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, ఆ ధర గుర్తుకొచ్చి ఆగిపోయింది. "వచ్చే ఐతారం రమ్మను" అన్నాడు. ఇంత పెద్ద కోపిష్టికి కోపం రావలసిన చోట రాలేదు చూడండి.

బుధవారం నాడు వీరేందర్ ఫోటోలు తీయాలని డబ్బా పట్టుకుపోయాడు. ఆదివారం పొద్దున తెచ్చి, పండక్కి కొత్తబట్టలు తెచ్చినవాడిలా నవ్వుతూ అత్తగారింట్లో పెట్టాడు. కుర్మయ్య మూత తీశాడు.

లోపల తెల్ల ముఖం ఒక్కటి లేదు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, బంగారు రంగులు. పాత బెల్టులన్నీ పోయి ఒకే రకం నల్లబెల్టులు. ఒకటి తిప్పి చూశాడు. వెనక మూత అద్దంలా మెరుస్తోంది, అందులో తన ముఖమే కనిపించింది. ఇంకొకటి తిప్పాడు. అదీ అంతే.

"పాతబస్తీల ఇచ్చి చేయించిన మామా, నా సొంత పైసలు పెట్టి" అన్నాడు వీరేందర్. "ఆయన వెనకవైపు చూస్తనన్నడు గద, పరాయోళ్ళ పేర్లుంటె ఎవడు కొంటడు? సాన పట్టించిన. ఇప్పుడు సూడు, డబ్బల్కెల్లి ఇప్పుడే తీసినట్టున్నయ్."

కుర్మయ్య మూత పెట్టేసి గోడకు ఆనుకున్నది అప్పుడే.

గంటలో శ్రావణ్‌కుమార్ వచ్చాడు. మధ్యాహ్నం విమానానికి పోవాలి, చేతిలో బ్యాగుంది. డబ్బా తెరిచాడు. ఒకటి తిప్పాడు, రెండోది తిప్పాడు, మూడోది తిప్పకుండానే మూత పెట్టాడు. ఆయన ముఖంలో కూడా కోపముంది గాని, మర్యాద దాన్ని పైకి రానివ్వలేదు.

"వీటిని నేను తీసుకోలేనండీ" అన్నాడు.

"ధర జర తగ్గిస్త సార్" అన్నాడు వీరేందర్.

"ధర సంగతి కాదండీ. నేను కొందామనుకున్నవి ఇందులో లేవు." కుర్మయ్యకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. బయట కారు తలుపు వేసిన చప్పుడు గట్టిగా వినిపించింది.

ఇక కుర్మయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమయ్యా, నీకు కండ్లున్నయా? ఊరిని చదును చేసి, రాళ్ళకు రంగులేసి, ప్లాట్లని అమ్ముకుంటిరి. అది సాలలేదా? ఇవిటిని గూడ చదును చేస్తివి. మా పేర్లు నీకేం అడ్డమొచ్చినయ్?"

"నన్నంటవేంది మామా? అమ్ముడుకు పెట్టింది నేనా? ఐతారం రమ్మన్నదెవరు?"

కుర్మయ్య లేచినవాడు లేచినట్టే ఆగాడు. చెయ్యి గాల్లోనే ఉంది. అల్లుడు చేసిన వెధవ పనికి ఎన్ని తిట్లయినా తిట్టొచ్చు, ఆ ఒక్క మాట మాత్రం నిజం. ఆ మాట అన్నందుకు వాణ్ణి రెండు తన్నాలనిపించింది.

"రేపు లింగమ్మక్క వస్తది" అంది అనంతమ్మ మెల్లగా. "ఎల్లుండి పెత్రమాస."

ఆదివారం పొద్దుగూకేదాకా కుర్మయ్య ఐలయ్య గడియారం కోసం వెతికాడు. నాలుగు అంకె పక్కన పసుపు మరక ఉండేది. రంగు కింద పోయింది. బెల్టుకు బకిల్ దగ్గర చిన్న కుట్టు ఉండేది. బెల్టే పోయింది. చెవి దగ్గర పెట్టుకొని ఒక్కోదాన్నీ విన్నాడు. ముప్పై రెండూ ఒకే మాట చెబుతున్నాయి. తన చేత్తో చెక్కినవాటిలో తనకే ఒక్కటీ గుర్తు పట్టరాలేదు. తిట్టుకున్నాడు. అల్లుణ్ణి, సానవాణ్ణి, పేపరువాణ్ణి, వరుసగా అందర్నీ తిట్టి, చివరికి తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టేసరికి గొంతు పోయింది.

సోమవారం మధ్యాహ్నం వీరేందర్ మళ్ళీ వచ్చాడు. తల వంచుకొనే వచ్చాడు గాని, ఉపాయం కూడా తెచ్చాడు.

"ఏదో ఒకదాని మీద ఐలయ్య పెద్దమామ పేరు చెక్కు. అప్పుడు చెక్కింది నువ్వే, ఇప్పుడు చెక్కేది నువ్వే. ముసలామెకు చదువు గూడ రాదు. ఎవలకెర్క?"

కుర్మయ్య వాణ్ణి మింగేసేలా చూశాడు. చూసి, లేచి, మంచం కింది నుంచి పేర్లు చెక్కే మిషను బయటికి లాగాడు.

అక్షరం ఎక్కడా తప్పలేదు. ఐలయ్య, మేడికుంట, 1979. కింద నాగలి. అచ్చు అలాగే వచ్చింది. చూసుకుంటే తనకే నమ్మబుద్ధయింది. ఇదే ఐలయ్యది, ఎందుకు కాకూడదు, ముప్పై రెండింటిలో ఒకటి ఆయనదే కదా, అది ఇదే అయి ఉండొచ్చు కదా. ఇట్లా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అనంతమ్మ వంటింటి గడపలో నిలబడి చూసింది, ఏమీ అనలేదు. ఆమె అనకపోవడం మీద కూడా ఆయనకు కోపమొచ్చింది.

సాయంత్రం అయిదు గంటలకు లింగమ్మ బస్సు దిగి వచ్చింది. చేతులకు ఇంకా బొగ్గు మసి. మంచినీళ్ళు తాగి, చెంగుతో చేతులు తుడుచుకొని చాచింది. కుర్మయ్య గడియారం పెట్టాడు. ముఖానికి ఆకుపచ్చ రంగు ఉంది.

"ఏందిది, రంగు మారింది?"

"పాతగైతుంటె బాగు చేయించిన వదినా."

లింగమ్మ దాన్ని తిప్పింది. బొటనవేలు మూత మీద పెట్టి రుద్దింది. ఆగింది. మళ్ళీ రుద్దింది. ఐలయ్య చేతి మీద పాతికేండ్లు అరిగిన అక్షరాలవి, వేలికి మెత్తగా తగిలేవి. ఇవి వేలికి గుచ్చుకున్నాయి.

"కుర్మయ్యా" అంది. "ఇది నిన్న మొన్న గీకింది."

వీరేందర్ ఏదో చెప్పబోయాడు. "నువ్వు నోరు మూయి" అని వాడి మీద విరుచుకుపడి, జరిగిందంతా కుర్మయ్యే చెప్పాడు. కొనేటాయన రావడం, తను ఐతారం రమ్మనడం, రంగులు, సాన, ఇప్పుడు చేసిన దొంగపని. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం చూడలేదు.

లింగమ్మ అరవలేదు. అరిస్తే బాగుండునని ఆయనకు అనిపించింది.

"అమ్మబోతె అమ్మబోతివి, అది అట్లుంచు" అంది. "కడమయి నువ్వు కొనుక్కున్నవ్, నీ ఇష్టం. ఆయనది నీకు అమ్మిన్నా నేను? అమానతు పెట్టిన. భూమి తీస్కున్నోళ్ళు గూడ ముందుగాల కాయితం మీద ఏలుముద్ర అడిగిండ్రు. నువ్వు అడగనన్న అడగకపోతివి. పైకెల్లి కొత్తగ గీకి నా చేతుల పెడ్తున్నవా? నాకు సదువు రాదనా?"

"తప్పయింది వదినా."

"తప్పు గాదు, మోసం."

ఆమె గడియారాన్ని డబ్బాలో పడేసి, డబ్బా తన వైపు లాక్కుంది.

"ఇందుల ఆయనదున్నదా లేదా? అది చెప్పు."

"ఉన్నది. లెక్కకు ముప్పై రెండున్నయ్. యాదంటె చెప్పరాదు."

"అయితె అన్ని తీస్కపోతున్న. అన్ని పెడత విస్తరి ముందట. ఆయనది ఆయన గుర్తుపడ్తడు. సచ్చినోళ్ళయి సచ్చినోళ్ళు చూస్కుంటరు. బతికున్నోళ్ళు వచ్చి నన్నడుగుతరు, ఆరాంఘర్ల ఎవరినడిగినా నేను యాడ కూసుంటనో చెప్తరు."

కుర్మయ్య చేయి దానంతటదే డబ్బా మీదికి పోయింది. ఆరేండ్ల పోగు. లింగమ్మ ఆ చేతి వైపు చూసింది. ఆయన వెనక్కి తీసుకున్నాడు.

"అత్తా, క్యాబ్‌ల దింపుత" అన్నాడు వీరేందర్.

"నీ బండి నాకొద్దు." ఆమె చెంగును చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకొని, దానిపై డబ్బా ఎత్తుకొని రోడ్డు మీదికి నడిచింది.

కుర్మయ్య వెనకే పోయాడు. హైవే మీద లారీల మోత. ఆమె బస్సు కోసం నిలబడింది, ఆయన రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆరాంఘర్ బస్సు వచ్చి ఆగింది, ఆమె మెట్టెక్కింది.

"వదినా, అవిటికి కీ ఇయ్యాలె" అని అరిచాడు. "ఇయ్యకుంటె ఆగిపోతయ్."

లింగమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది.

"ఆగనీ" అంది, అటు తిరిగే.