తిరిగి రాని తూటాలు

సోమవారం పొద్దున్నే డ్వేన్ నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టి, "శుక్రవారం లోపల సైన్ చెయ్యి విమ్మీ. కేటలాగ్ ప్రింటింగ్‌కి వెళ్ళాలి," అన్నాడు.

నా పేరు విమలకుమారి. ఏడాదిన్నరగా ఆయన నోట్లో పడి విమ్మీ అయిపోయింది. రెండుసార్లు సరిచేసి, మూడోసారి విసుగొచ్చి ఊరుకున్నాను.

అది 1980 నవంబర్. ఐడహో కొండల మధ్య ఒక చిన్న ఊరు. అక్కడ వేటగాళ్ళకి బుల్లెట్లు చేసే కంపెనీలో నేను మెటలర్జిస్టుని. డ్వేన్ మా మేనేజరు. పాలకొల్లు పాస్టరుగారి అమ్మాయి అమెరికా వెళ్ళి చేస్తున్న పని ఇదా అని మావాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీండి. నేను చదివింది లోహాల చదువు. సీసం గురించీ రాగి గురించీ నాకు తెలిసినంత వాళ్ళెవరికీ తెలీదు.

బుల్లెట్ అంటే లోపల సీసం, పైన రాగి తొడుగు. జంతువుకి తగలగానే ముక్కు విచ్చుకోవాలి, విచ్చుకుంటూనే ఊపిరితిత్తుల దాకా పోవాలి. అసలు విచ్చుకోకపోతే సూదిలా దూరి అవతలికెళ్ళిపోతుంది. మరీ విచ్చుకుంటే తొడుగు ఊడిపోయి, సీసం చెల్లాచెదురై, పైపైనే ఆగిపోతుంది. ఎలా తప్పినా ఆ జంతువు అప్పటికప్పుడు చావదు. పారిపోయి ఏ పొదలోనో పడి, రోజుల తరబడి నరకం చూస్తుంది. చంపడం ఎలాగూ తప్పనప్పుడు ఒక్క దెబ్బతో పోవాలి. నా ఉద్యోగమల్లా ఆ ఒక్క దెబ్బ కోసమే.

ఆ కాగితం డ్వేన్ తన చేతులతో డిజైన్ చేసిన కొత్త బుల్లెట్ పరీక్ష ఫలితానిది. ఎల్క్ కోసమని ప్రత్యేకంగా చేసిన బుల్లెట్ అది. ఎల్క్ అంటే మన కణుజు దుప్పికి పెద్దన్న. బాగా ఎదిగిన మగది మూడొందల కిలోలు తూగుతుంది. అక్టోబర్‌లో ముప్పై పెట్టెలు ముప్పైమందికి పంచాం, వేటలో వాడి, జంతువులో దొరికిన బుల్లెట్‌ని పోస్టులో పంపమని. ఇరవై మూడు వచ్చాయి. ఒక్కొక్కటీ పుట్టగొడుగులా విచ్చుకుని ముద్దొస్తోంది. ఫొటోలు కూడా తీయించేశాడు.

"మిగతా ఏడు ఏమయ్యాయి?" అన్నాను.

"కొందరికి జంతువే దొరికుండదు. కొందరికి బద్ధకం."

"కనుక్కున్నావా?"

నవ్వాడు. "నువ్వెప్పుడైనా ఎల్క్ వేటకి వెళ్ళావా?"

"లేదు."

"నేను ముప్పై ఏళ్ళ నుంచీ వెళ్తున్నాను." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అన్నట్టు నీ గ్రీన్ కార్డ్ పేపర్స్ నా ట్రేలోనే ఉన్నాయి. ఈ వారమే సైన్ చేస్తాను," అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్తే అత్తయ్య అన్నం వడ్డించేసి కూర్చుంది. అత్తయ్య పేరు కరుణమ్మ. మిషన్ హాస్పిటల్లో నలభై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరై, ఆర్నెల్లు ఉండి పోదామని మా దగ్గరికొచ్చింది. ఆ ఊళ్ళో మేక మాంసం కలికానికి కూడా దొరకదు. అయితే మా ఆయన రత్నరాజు ఒక దారి కనిపెట్టాడు. వేటగాళ్ళు తెచ్చిన ఎల్కుల్ని కోసి ప్యాక్ చేసి ఇచ్చే షాపు ఒకటుంది. బుల్లెట్ తగిలిన వైపు జబ్బ రక్తం కట్టి నల్లబడితే, అక్కడివాళ్ళు దాన్ని ఎముకతో సహా పీపాలో పారేస్తారు. అది చూసి ఈయన గుండె చెరువైపోయింది. షాపు ముసలాయన్ని అడిగి, రెండు జబ్బలు భుజాన వేసుకొచ్చాడు. నల్లటిదంతా కోసి తీసేసి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఎముకలు ముక్కలు కొట్టి వండితే ఆ పులుసు రుచి ఏం చెప్పను!

ప్రార్థన చేసుకుని భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య మూలుగ ఎముక పట్టుకుందంటే లోకం మర్చిపోతుంది. ఆవిడ ఉన్నట్టుండి, "ఓరి దేవుడో!" అని దవడ పట్టుకుంది.

"ఏమైందమ్మా?" అని రత్నరాజు కంగారుగా లేచాడు.

"ఏమవడమేంటిరా, మీ ఆవిడ కూరలో మేకులేసి వండింది!" నోట్లోంచి తీసి నా కంచం పక్కన పెట్టింది.

దేవునికి స్తోత్రం, పన్ను ఊడలేదు. నేను దాన్ని కడిగి లైటు కింద పెట్టి చూశాను. రాగి తొడుగు. అరటిపండు తొక్కలా నాలుగు వైపులా చీలిపోయింది. లోపల రవ్వంత సీసం లేదు. అడుగున రెండు సన్న గీతలున్నాయి. కొత్త బుల్లెట్‌ని గుర్తుపట్టడానికని నేనే దగ్గరుండి గీయించిన గీతలవి.

ఇక ముద్ద దిగలేదు. ఆ కూర అంతా నేనే చెత్తలో పారబోశాను, సీసం ముక్కలు ఎక్కడెక్కడ చెదిరాయో ఎవరికి తెలుసు? ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. వేటగాళ్ళు మాకు పంపేది చక్కగా పనిచేసిన బుల్లెట్‌ని. అది జంతువుకి అడ్డంగా దూసుకుపోయి, అవతలి చర్మం కింద కళ్ళకి కనబడేలా ఆగుతుంది. పగిలిపోయిన బుల్లెట్ జబ్బలో కలిసి పీపాలోకి పోతుంది, లేదా జంతువుతో పాటు అడవిలోకి పోతుంది. అమెరికావాళ్ళు ఆ జబ్బ తినరు కాబట్టి వాళ్ళకి అది ఈ జన్మలో దొరకదు. మావాళ్ళ జిహ్వచాపల్యం పుణ్యమా అని నాకు దొరికింది.

విషయమంతా చెప్పాను. రత్నరాజు కంచం పక్కకి జరిపాడు. "ఇప్పటికి సైన్ చేసెయ్ విమలా. గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక ఎంతైనా పోట్లాడుకో," అన్నాడు.

"అప్పటికి ఆ బుల్లెట్లు దేశమంతా అమ్ముడుపోతాయండీ! ఎన్ని జంతువులు కుంటుకుంటూ చస్తాయో మీకేమైనా తెలుసా?"

"మనం ఇండియా తిరిగి వెళ్ళాల్సొస్తే?"

భయం నాకు మాత్రం లేదా?  నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అందుకుంది. "నలభై ఏళ్ళు చార్టులు రాశాన్రా. పెద్ద డాక్టరుగారు గదమాయించినా, నేను చూడని జ్వరాన్ని చూశానని ఏ రోజూ రాయలేదు. దాని చేత ఎందుకు రాయిస్తావు?"

రత్నరాజు తల గోక్కున్నాడు. "రేపు నీ ఆఫీసు అవ్వగానే షాపుకి పోదాం. పీపాలో ఇంకా ఉంటాయి," అన్నాడు. మా ఆయన అంతే. ముందు భయపడతాడు, తర్వాత నాకంటే ముందు నడుస్తాడు.

మంగళవారం ముగ్గురం కలిసి వెళ్ళాం. పీపా బయట చలిలో గడ్డకట్టి ఉంది, ఒక్కొక్క జబ్బనీ గునపంతో పెకలించాల్సొచ్చింది. తొమ్మిది దొరికాయి. ప్రతిదానికీ వేటగాడి పేరున్న చీటీ కట్టి ఉంది. షాపు ముసలాయన మా వంక జాలిగా చూసి, "మంచి మాంసం కూడా ఇస్తాను, తీసుకెళ్ళండి," అన్నాడు పాపం. క్రిస్మస్ పలావు వండే గుండిగలో, మా పెరట్లో గ్యాసు పొయ్యి మీద వాటిని ఉడకబెట్టాం. అత్తయ్య కోటు మీద కోటు వేసుకుని గరిటె తిప్పింది. మాంసం విడిపోయాక నీళ్ళు గుడ్డలో వడకట్టి, అడుగున మిగిలింది ఏరాను.

మూడు జబ్బల్లో మా రెండు గీతల తొడుగులు దొరికాయి. మూడూ ఖాళీవే. చీటీల మీద పేర్లు మా జాబితాతో సరిచూశాను. ముగ్గురూ బుల్లెట్ తిరిగి పంపనివాళ్ళే.

బుధవారమంతా ఫోను పట్టుకుని కూర్చున్నాను. జాబితా మొత్తం చూస్తే ఇరవై తొమ్మిది పేర్లే ఉన్నాయి. ఇరవై ముగ్గురు పంపారు. మిగిలింది ఆరుగురు. అందులో ఇద్దరు ఈ ఏడు వేటకే పోలేదట. చీటీల మీద ఉన్న ముగ్గురూ ఒకటే మాట చెప్పారు. దట్టమైన చెట్ల మధ్య, నలభై, యాభై గజాల్లో కాల్చారు. ఎల్క్ పడలేదు. వెంటపడి రెండోసారీ, మూడోసారీ కాల్చాల్సొచ్చింది. మా కూరలో వచ్చిందీ ఈ ముగ్గురిలో ఒకరి తూటాయే అయ్యుండాలి. ఆరో ఆయన బాగా వయసు మళ్ళిన మనిషి.  "రెండు రోజులు నెత్తురు చూసుకుంటూ నడిచానమ్మా. దొరకలేదు. నా పెళ్ళానికి కూడా చెప్పలేదు," అన్నాడు. ప్రభువు పేరు తలుచుకుని ఫోన్ పెట్టేశాను.

పంపిన ఇరవై మూడింటితో పాటు, ఎంత దూరం నుంచి కాల్చారో రాసి పెట్టిన కార్డులు తిరగేశాను. అన్నీ నూట ఇరవై గజాలు దాటిన దెబ్బలే. దూరం పోయేకొద్దీ వేగం తగ్గుతుంది, మెల్లగా విచ్చుకుంటుంది. దగ్గర్లో ఎముకకి తగిలితే ఆ వేగాన్ని పల్చటి తొడుగు తట్టుకోలేదు. మా కంపెనీ పరీక్ష ఏంటయ్యా అంటే తడి న్యూస్‌పేపర్ల కట్టలోకి వంద గజాల నుంచి కాల్చడం. న్యూస్‌పేపర్‌కి ఎముకలుంటాయా? ఏడాదిన్నరగా ఆ పరీక్ష చేస్తున్నదాన్ని నేనే, నాకు తట్టనే లేదు. ఆ కోపం నా మీద నాకే.

శుక్రవారం పొద్దున షాపులో అడిగి తెచ్చిన నాలుగు జబ్బ ఎముకలు కార్ ట్రంక్‌లో వేసుకుని ఆఫీస్‌కి డ్రైవ్ చేశాను. డ్వేన్ కాగితం కోసం చెయ్యి చాపాడు.

"ముందు ఫైరింగ్ రేంజికి రా. నలభై గజాలు. పేపర్ కట్ట ముందు ఎముక పెడతాను. నువ్వే కాల్చు," అన్నాను.

"టైం లేదు విమ్మీ."

"అయితే సంతకం కూడా లేదు."

ఆయన మొహం ఎర్రబడింది.  నన్ను ఓడించడానికే అన్నట్టు రైఫిల్ తీసుకుని నడిచాడు.

మూడుసార్లు కాల్చాడు. మనిషి గురి అద్భుతం, ప్రతిసారీ ఎముక నడిమధ్యలో తగిలింది. కట్టలు విప్పి చూస్తే మూడూ నాలుగంగుళాల్లోపే ఆగిపోయాయి. నూట అరవై గ్రెయిన్లు, అంటే పది గ్రాముల పైచిలుకు తూగే బుల్లెట్‌లో ఒకదానికి నలభై మిగిలింది, ఒకదానికి ముప్పై ఎనిమిది. మూడోదాన్ని తూచడానికి ముక్కలే దొరకలేదు.

"ఎముక కోణం తేడాగా ఉంది," అన్నాడు.

"నాలుగో ఎముక ఉంది. కోణం నువ్వే పెట్టుకో."

పెట్టుకోలేదు. నేను కూరలో దొరికిన తొడుగూ, పీపాలో దొరికిన మూడూ, ఫోన్‌లో విని కాగితం మీద రాసుకున్న వివరాలూ బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్కటే చదువుతున్నాడు. అప్పుడడిగాను. "పెట్టెలు ముప్పై పంచాం. పేర్లు ఇరవై తొమ్మిదే ఉన్నాయి. ముప్పయ్యో పెట్టె ఎవరి దగ్గరుంది డ్వేన్?"

 ఆయన రైఫిల్‌ని సంచిలో పెట్టి జిప్ వేశాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు.

"నా దగ్గర," అన్నాడు. "సీజన్ మొదటి రోజు. పెద్ద మగ ఎల్క్. ముప్పై అయిదు గజాలు. జబ్బ మీదే కొట్టాను, తగిలిన చప్పుడు కూడా విన్నాను. లేచి వెళ్ళిపోయింది. మూడు రోజులు వెతికాను."

నాకు ఒళ్ళు తెలీలేదు. "నీకు తెలిసి తెలిసీ నన్ను సంతకం పెట్టమన్నావా? దానికి నా గ్రీన్ కార్డు అడ్డం పెట్టావా? సిగ్గులేదూ!" చివరి మాట తెలుగులోనే అరిచాను. అర్థమైనట్టే తల దించుకున్నాడు.

"నేనే సరిగ్గా కాల్చలేదనుకున్నాను," అన్నాడు మెల్లగా. "ఈ బుల్లెట్ మీద ఆరేళ్ళు పనిచేశాను. తప్పు నా చేతిదే అనుకుంటే తేలికగా ఉండింది."

అబద్ధం కాదని మొహం చూస్తే తెలుస్తోంది. అంతమాత్రాన నా కోపం చల్లారలేదు. ఆఫీస్‌లోకి వచ్చి కాగితం తీశాను. పైన 'పాస్', కింద 'ఫెయిల్'. పట్టికలో ఫలితాలన్నీ నింపి, ఫెయిల్ పక్కన నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టి, ఆయన ముందుకి తోశాను. నా గ్రీన్ కార్డ్ కాగితాలు ఆ పక్క ట్రేలోనే ఉన్నాయి. ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకున్నాను. వాటి సంగతి దేవుడే చూసుకోవాలి.

డ్వేన్ ఫోన్ తీసి కేటలాగ్ అచ్చేసే ప్రెస్‌కి డయల్ చేశాడు. "కొత్త బుల్లెట్ పేజీ, పదకొండోది, తీసెయ్యండి... లేదు, మార్చడం కాదు, తీసెయ్యడమే," అని పెట్టేశాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఆ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. నేను రాసిన ఫలితాల పట్టికలో చివరి వరస కింద ఇంకో వరస గీసి, కాల్చిన మనిషి అన్నచోట తన పూర్తి పేరు రాశాడు. ముప్పై అయిదు గజాలు. జబ్బ. జంతువు దొరకలేదు. వెతికింది మూడు రోజులు.

పెన్ను అక్కడే ఆగింది. 'మూడు' కొట్టేసి 'రెండు' అని రాశాడు.

"మూడో రోజు మంచు ఎక్కువగా పడింది," అన్నాడు నా వైపు చూడకుండా. "ఇంటికొచ్చేశాను."