తెరసెల్ల మీది నీలి చిలక

ఏడు గుఱ్ఱములకు నేలిక యగువాడ
రంగులెల్ల నీదు రశ్మియందె
కంటిచూపు నిచ్చి కలఁతఁ బాపెడి సామి
అరసవిల్లివాస యాదుకొనుము.

సమస్త వర్ణాలకూ పుట్టినిల్లయిన ఆ వెలుగుల దేవరకు మొక్కి మొదలుపెట్టే ఈ కథ, వర్ణాల విషయంలో తనకు మించినవారు లేరని నలభై ఏళ్లు నమ్మిన ఒక ఇల్లాలిది.

రాజాం పట్టణంలో ధాన్యం వర్తకుడు వెంకటరావుగారి ధర్మపత్ని పద్మకుమారి. ఆ ఇంట ధర చెప్పేది ఆయన, రంగు చెప్పేది ఆమె. పెళ్లిచీర గానీ, గోడకు వేసే సున్నం గానీ, చివరకు స్నానాల గదిలోకి కొన్న బకెట్టు గానీ ఆమె కంటి ఎదుట నిలబడి తీర్పు పొందిన తరువాతనే లోపలికి రావాలి. “మాసినట్టున్నాది” అని ఆమె అంటే ఆ చీర మడత విప్పకుండానే దుకాణానికి తిరిగి వెళ్లేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. కోడలు రేఖ కాపరానికి వచ్చిన మొదటి ఏడాది లేత ఊదారంగు చీర ఒకటి కొనుక్కుని మురుస్తూ చూపిస్తే, పద్మకుమారి దానిని రెండు వేళ్లతో ఎత్తి చూసి, “రంగులు నీకు తెలవవులే. నానున్నాను కదా” అన్నది. ఆనాటినుంచి ఇరవై అయిదేళ్లుగా రేఖ ఆ ఇంట రంగుల ప్రస్తావన చేసి ఎరుగదు.

మనుమరాలు శ్రావణి పెళ్లీడుకు వచ్చిందని తోచగానే, సంబంధం ఇంకా చూడకమునుపే, పద్మకుమారి తెరసెల్ల కుట్టడానికి సంకల్పించింది. సుముహూర్తంలో జీలకర్ర బెల్లం తలమీద పెట్టేవరకు వధూవరులు ఒకరినొకరు చూడకుండా మధ్య పట్టే వస్త్రం అది. లోకమంతా ఒక తెల్లగుడ్డ మీద పసుపుతో స్వస్తిక్ గీసి సరిపెట్టుకుంటుంది. పద్మకుమారి సరిపెట్టుకునే మనిషి కాదు. గడులు గడులుగా నేసిన మేటీ గుడ్డ మీద, ఒక్కొక్క గడిలో ఇంటూ గుర్తు వేసినట్టు దారం దాటించే కుట్టుతో, మామిడి రెమ్మకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చున్న చిలకల జంటను నిలపాలని పూనుకున్నది. గడుల బొమ్మను శ్రావణి ఫోనులో వెతికి కాగితం మీద అచ్చు తీయించి తెచ్చి ఇచ్చింది. ఏ గడికి ఏ దారమో దాని పక్కన నంబరుతో సహా రాసి ఉంది.

గడులను పద్మకుమారి శ్రద్ధగా లెక్కపెట్టుకున్నది. నంబర్లను మాత్రం ఖాతరు చేయలేదు. బస్టాండు పక్కన దారాల దుకాణం నడిపే పోతురాజు, ఆమె ఎంచిన దారపు లచ్చిని చేతిలోకి తీసుకుని, కాగితంలో ఉన్న నంబరు ఇది కాదమ్మా అని వినయంగానే చెప్పబోయాడు. దానికి ఆమె, “నంబరు సూసి కొనేవి మందుబిళ్లలు. రంగు కంటితో కొంటారు” అన్నది. పాత ఖాతాదారుతో వాదించి గెలిచిన వర్తకుడు ఎవడూ బాగుపడలేదని పోతురాజుకు తెలుసు. అడిగిన లచ్చిలు పన్నెండూ పొట్లం కట్టి ఇచ్చాడు.

రెండేళ్లలో మామిడి రెమ్మ, పూత, ఎడమపక్క చిలక పూర్తయ్యాయి. కుడిపక్క చిలకకు ఎర్రని ముక్కూ నల్లని కన్నూ మాత్రమే పడ్డాయి. ఇంతలో సంబంధం కుదిరింది. పెండ్లికొడుకు నరేష్‌ది భోగాపురం. నిశ్చితార్థం నాడే ఆ అబ్బాయి నాయనమ్మ చిన్నతల్లి, తాంబూలం పళ్లెం మీద పద్మకుమారి కుట్టి కప్పిన గుడ్డ అంచును ఎత్తి, తిరగేసి, వెనుక ముడులు పరిశీలించి, ఏమీ అనకుండా మళ్లీ కప్పింది. ఆమె తన కాలంలో పేరు మోసిన కుట్టుపనిగత్తె అని తరువాత తెలిసింది. ఆ మౌనం పద్మకుమారి గుండెలో సూదిలా దిగింది. ఈమె రేపు తెరసెల్లను చూస్తుంది. చూసి ఏమంటుంది?

లగ్నానికి సరిగ్గా నలభై రోజులుండగా, దీపం చుట్టూ వలయాలు కనబడుతున్నాయని పద్మకుమారిని శ్రీకాకుళంలోని కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. కుడికంటి శుక్లం తీశారు. ఎడమది పెళ్లయ్యాక చూద్దామన్నారు. మూడు వారాలు సూది ముట్టరాదని కట్టడి చేశారు. ఇంటికి వచ్చి, కట్టు విప్పిన కంటితో ముందు దేవుడి గదిలో అరసవిల్లి సామి పటానికి దండం పెట్టి, ఆమె ఎంతో ఆశతో తెరసెల్లను పరిచి చూసుకున్నది.

చిలక నీలంగా ఉన్నది.

ఆకుపచ్చలో నీలం ఛాయ కాదు. నిఖార్సయిన నీలం, సిరాబుడ్డి ఒలికినట్టు. పద్మకుమారి కుడికన్ను మూసింది. చిలక చిలకపచ్చగా, తాను రెండేళ్లు చూసిన చిలకలాగే ఉన్నది. ఎడమకన్ను మూసింది. నీలం. మళ్లీ అది మూసి ఇది తెరిచింది. రెండు కళ్లూ ఒకే ముఖాన ఉండి రెండు తీర్పులు చెబుతున్నాయి. ముదిరిన శుక్లం పసుపు అద్దం వంటిదనీ, దాని వెనుకనుంచి చూస్తే నీలం ఆకుపచ్చగా కనబడుతుందనీ డాక్టరు మాటల సందర్భంలో చెప్పిన సంగతి అప్పుడు ఆమెకు గుర్తుకొచ్చింది. విన్నప్పుడు అది ఎవరో చదువురాని రోగులకు చెప్పిన మాట అనుకున్నది.

వెంకటరావు గదిలోకి వచ్చి, ఒంటికన్నుతో గుడ్డను చూస్తున్న భార్యను చూసి ఆగాడు.

“ఈ పిట్ట ఏ రంగులో ఉన్నాది? ఉన్నదున్నట్టు సెప్పండి.”

“నెమలికి నీలం కాక ఏటుంటాది?”

“నెమలేటి?”

“రెండేళ్లనుంచి నెమలనే అనుకుంటన్నాను. తోక పొట్టిదయిందేటా అని ఓ మాటు అనిపించింది గానీ, నీ పనికి వంక పెడితే నాకు అన్నం పెట్టీవోలెవరు?”

ఆ మాటతో ఆయన ధాన్యం కొట్టుకు వెళ్లిపోయాడు. ఆమె మాత్రం అక్కడే కూర్చుండిపోయింది. పోయేది చిలక రంగు ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేది. నలభై ఏళ్ల తీర్పులన్నీ ఆ పిట్ట రెక్కలమీద కూర్చుని ఉన్నాయి. ఇది ఎగిరితే అవన్నీ ఎగిరిపోతాయి.

మొదట విప్పి చూద్దామనుకున్నది. సూది ముట్టరాదన్నారు గానీ కత్తెర ముట్టరాదనలేదు కదా అని తనకు తానే అనుమతి ఇచ్చుకుని, తోక చివర నాలుగు కుట్లు తెంపింది. మేటీ గడులు సాగి రంధ్రాలు పడ్డాయి. తెల్లగుడ్డకు నీలి నూగు అంటుకుని వదలలేదు. విప్పడం కుదరదు. ఇక మిగిలిన దారులు రెండే. కుడిపక్క చిలకనూ నీలంతోనే నింపితే తప్పు జంటగా కూర్చుంటుంది. జంటగా కూర్చున్న తప్పును లోకం నవీనరీతి అంటుంది. దారం మార్చి రెండోది ఆకుపచ్చ చేస్తే, ఒక తప్పు, ఒక ఒప్పు పక్కపక్కన నిలబడి, చూసినవారికి ఏది ఏదో విడమరచి చెబుతాయి. ముఖ్యంగా చిన్నతల్లికి.

రెండు రోజులు ఆమె సలహాల వేటలో పడింది. పురోహితుడు జగన్నాధం పంతులుగారు చాలాసేపు ఆలోచించి, తెరసెల్ల కొత్తదై ఉండాలనీ, చిరుగూ కాలిన మచ్చా ఉండరాదనీ, పక్షుల రంగు గురించి తాను చదివిన గ్రంథాలలో లేదనీ, చదవని గ్రంథాలలో ఉంటే ఉండవచ్చనీ సెలవిచ్చారు. శ్రావణి ఫోనులో నవ్వి, నీలమే బాగుంది మామ్మా, వేదిక అలంకరణకు సరిపోతుంది అన్నది. పద్మకుమారికి కావలసిన మాట అదే. అయినా ఎందుకో రుచించలేదు. మూడోనాడు, ఇరవై అయిదేళ్లుగా అడగని మనిషిని అడిగింది. రేఖ వంటింట్లో చిక్కుళ్లు గిల్లుతున్నది.

“ఒసే రేఖా, ఈ సిలక నీకు మొదట్నుంచీ ఏ రంగులో కనిపించింది?”

“నీలంగానే అత్తా.”

“మరి ఒక్కనాడయినా సెప్పలేదేటే?”

రేఖ చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. “రంగులు నాకు తెలవవు కదా అత్తా.”

అందులో వెటకారం లేదు. అదే పద్మకుమారికి ఎక్కువ గుచ్చుకున్నది. ఇరవై అయిదేళ్ల కిందట తాను అప్పగించిన వస్తువును కోడలు పాడుచేయకుండా దాచి, అడిగిననాడు తిరిగి చేతిలో పెట్టినట్టున్నది.

మరునాడు ఉదయం డాబా మీద సూర్యనమస్కారం చేస్తూ పద్మకుమారి నల్లకళ్లద్దాల వెనుకనుంచే ఆకాశాన్ని చూసింది. కన్ను ఇమ్మని మొక్కినది తాను. ఇచ్చినవాడు ఎదుట ఉన్నాడు. ఇచ్చిన కన్ను మూసుకుని, శుక్లం కమ్మిన కన్నుతో చూసిన రంగునే మళ్లీ కుడితే, ఆదివారం అరసవిల్లి వెళ్లి ఏ ముఖంతో నిలబడాలి? మెట్లు దిగి వచ్చి రేఖను పిలిచింది. చిలకకు ఆకుపచ్చ దారం తెమ్మన్నది. తాను రానన్నది.

“నంబరు సూసి తెమ్మంటావా, కంటితో సూసి తెమ్మంటావా?”

“రెండూ సూడు” అన్నది పద్మకుమారి, ఓటమిని ఒక్క మాటలో మింగుతూ.

డాక్టరు కట్టడి వల్ల సూది రేఖ పట్టింది. గడులు పద్మకుమారి లెక్కపెట్టింది. లెక్కలో ఆమె తప్పలేదు. మొదటివారం కోడలి కుట్టు వదులుగా ఉన్నదని నాలుగుసార్లు అన్నది. రంగు గురించి మాత్రం ఒక్కమాట అనలేదు. అన్నం తిన్నాక ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుంటే మూడింటికి గానీ లేచేవారు కారు. ముహూర్తానికి వారం రోజులుండగా రెండో చిలక కూర్చున్నది. విప్పబోయి పాడుచేసిన తోక చివర రేఖ ఒక మామిడి పిందె కుట్టి మూసింది. ముడులు కనబడకుండా వెనుక పట్టు అస్తరు వేశారు. ఒక నీలి చిలక, ఒక పచ్చ చిలక. పద్మకుమారి దానిని మడతపెడుతూ, అవమానానికి తానే ఇస్త్రీ చేసుకుంటున్నట్టు అనుకున్నది.

భోగాపురం దారిలోని కల్యాణమండపంలో తెరసెల్ల పట్టారు. సభలో గుసగుస పుట్టింది. పద్మకుమారి తలవంచుకున్నది. ఇంతలో మైకు ముందున్న జగన్నాధం పంతులుగారి దృష్టి చిలకల మీద పడింది. నెల కిందట తనను అడిగిన సంగతి ఆయనకు జ్ఞాపకమున్నదో లేదో ఆ పరమాత్మకే ఎరుక. ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నారు. నీలి పక్షి నారాయణ స్వరూపుడైన వరుడనీ, పచ్చని పక్షి భూదేవి స్వరూపిణియైన వధువనీ, నింగీ నేలా ఎదురెదురుగా కూర్చున్న ఈ భావన మహాపండితులకైనా తట్టదనీ, అది తట్టిన పుణ్యాంగన వయోవృద్ధురాలైన పద్మకుమారిగారేననీ నాలుగు నిమిషాలూ నింపారు. సభ చప్పట్లు కొట్టింది. వెంకటరావు అందరికంటె గట్టిగా కొట్టాడు. నిన్నటివరకు ఆయనకు అందులో ఒకటి నెమలి.

భోజనాలవేళ చిన్నతల్లి వెతుక్కుంటూ వచ్చింది. పద్మకుమారి లేచి నిలబడి, ఇక దాచరాదనుకుని ఉన్న సంగతి చెప్పేసింది.

“అది తప్పమ్మా. నా కంటికి శుక్లం. పచ్చనుకుని నీలం కుట్టీసినాను.”

చిన్నతల్లి ఆమె చేతులు రెండూ పట్టుకున్నది. “సూసినారా, ఎంత వినయం. ఇంత పని సేసినోలు తప్పని సెప్పుకుంటారేటి? మా సిన్న మనవడి పెళ్లికీ ఇవే సిలకలు కుడతాను. ఆ నీలం నంబరెంత?”

సభంతా మహాపండితురాలిగా ఎంచిన పద్మకుమారికి ఆ ఒక్క నంబరు తెలియదు. అది కంటితో కొన్న రంగు. ఆ కంటి సాక్ష్యం ఇప్పుడు చెల్లదు.

పక్కన పులిహోర వడ్డిస్తున్న రేఖ గరిటె ఆపకుండానే మూడంకెల నంబరు చెప్పింది. లచ్చి మీది చీటీని రెండేళ్ల కిందటే ఊడదీసి పోపుడబ్బాల వెనుక దాచింది, ఎప్పటికైనా అక్కరకొస్తుందని.

పద్మకుమారి కోడలి వంక రెండు కళ్లతోనూ చూసింది. ఈ ఒక్క విషయంలో రెండూ ఏకమై ఒకే తీర్పు చెప్పాయి. “ఇకమీదట రంగులేటయినా మా కోడల్ని అడగండి” అన్నది చిన్నతల్లితో, నలుగురూ వినేటట్టు. అది కూడా వినయమేనని అందరూ మెచ్చుకున్నారు.

ఎడమకన్ను కూడా బాగయ్యాక, ఒక శుక్రవారం ఆమె మనుమరాలింటికి భోగాపురం వెళ్లడానికి చీర కట్టుకుని, అలవాటు చొప్పున కాక కొత్తగా, కోడలి ఎదుట నిలబడింది. రేఖ పైనుంచి కిందకు చూసింది. చాలాసేపే చూసింది.

“మాసినట్టున్నాది అత్తా” అన్నది.

పద్మకుమారి లోపలికి వెళ్లి మార్చుకుని వచ్చింది.

ఈ కథ చదివినవారికీ, చదువుతుండగా విన్నవారికీ అరసవిల్లి సామి చూపు తరగకుండా కాచుగాక. తమ తప్పు తమకు కనబడేంత వెలుగును, దానిని పక్కవారు చెబితే వినేంత చల్లదనాన్ని ప్రసాదించుగాక. వారి ఇళ్లలో పట్టే ప్రతి తెర శుభముహూర్తాన తొలగుగాక.