టెలిఫోనూ, రెండు చేతుల మర్యాదా

కొట్టులోని పాత సైనిక టెలిఫోను పెట్టె మూత ఎత్తి చూస్తే గుండె ఆగినంత పనైంది. లోపల తెల్లరంగుతో ‘పదకొండు–రెండు’ అని రాసుంది. ‘పదకొండు–ఒకటి’ నా భుజానున్న సంచిలోనే ఉంది! యుద్ధకాలంలో ఒకే తీగకు చెరో చివరా మోగిన జత అది. దీనికోసం తొమ్మిదేళ్లుగా ఓసు గుడి దగ్గర పాతసామాన్ల సంత ఒక్కటీ మానలేదు. ఒంటి ఫోను పెట్టుకుని ఎవరితో మాట్లాడను?

సంతలో పద్ధతి ఒకటే. వస్తువు ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది, కింద పెడితే ఎవరైనా తీసుకోవచ్చు. పెట్టెను గుండెలకు హత్తుకున్నాను.

“కువాబారా గారేనా?”

తిరిగి చూస్తే నెరిసిన జుట్టు పెద్దాయన, రెండు చేతులా విజిటింగ్ కార్డు చాచి వంగి ఉన్నాడు. “నన్ను ఇనావోకా అంటారు.”

సైనిక టెలిఫోన్ల పిచ్చి ఉన్నవాళ్లలో ఆ పేరు తెలియనివాడు లేడు. మావైపు కార్డు ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులా చేయడమే మర్యాద. అంతటివాడి కార్డు ఒంటిచేత్తో అందుకుంటానా? పెట్టెను బల్లమీద పెట్టి, రెండు చేతులా అందుకుని, నడుం వంచాను. తలెత్తేసరికి పెట్టె ఆయన చంకలో ఉంది.

“అది నాదండీ!”

“కింద పెట్టారుగా?” అన్నాడు నవ్వుతూ.

కొట్టు నడిపే సుకుదా అవ్వ జాలిగా చూసింది. “పద్ధతి పద్ధతే నాయనా. అంత మర్యాదేంటి నీకు?”

నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో తట్టింది. ఆయన కార్డిచ్చాడు, నేనింకా నాది ఇవ్వలేదు!

“అయ్యో, ఎంత తప్పు చేశాను! మన్నించాలి.” కార్డు తీసి, రెండు చేతులా చాచి, ఆయనకంటే కిందికి వంగాను.

ఇనావోకా బిగుసుకుపోయాడు. డెబ్బై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? పెట్టె బల్లమీదికి దిగింది, రెండు చేతులూ నా కార్డు మీదికొచ్చాయి. నేను పెట్టెను లాక్కున్నాను! అవ్వకు డబ్బు ఒంటిచేత్తోనే ఇచ్చాను. తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇనావోకా మాత్రం కదల్లేదు. “మోగుతుందో లేదో చూడొద్దా?” అన్నాడు, చిన్నపిల్లాడిలా కళ్లు మెరుస్తుంటే.

రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలి. ఇంకెవరున్నారు? సంచిలోంచి పదకొండు–ఒకటీ, తీగచుట్టా తీసి, తీగ ఒక కొస నా ఫోనుకు తగిలించి, మిగతాది ఆయన చేతికిచ్చాను. తీగ విప్పుకుంటూ గుడి మెట్లవైపు పరిగెత్తాడు. అటునుంచి అటే పారిపోతాడేమోనని తీగ గట్టిగా పట్టుకున్నాను. సంచిలోని బ్యాటరీలు పెట్టి, పిడి గిరగిరా తిప్పాను.

అక్కడ గంట మోగింది! జనం తిరిగి చూశారు. రిసీవరు చెవికి ఆనించాను. తొమ్మిదేళ్లలో నా ఫోనులో మాట్లాడిన మొదటి గొంతు అదే.

“దొంగ సచ్చినోడా,” అంది అది ఆయాసపడుతూ, “ఎంత బాగా వినబడుతోందయ్యా!”