నున్నటి నౌక

మనుషుల్ని అంగారకుడి దాకా తీసుకెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ బయల్దేరాల్సిన నౌక అది. దాన్ని గీయించే పెద్దాయనకు ఆఫీసులో 'నునుపు సారు' అని పేరు. బల్ల మీది నమూనాను పెంపుడు పిల్లిని నిమిరినట్టు నిమిరేవాడు. వాడిందే మళ్ళీ వాడడం ఆయనకు కొత్త విద్యేమీ కాదు. పాత నౌక మీద ఇచ్చిన ఉపన్యాసాన్నే పేరు మార్చి ఇప్పటికీ ఇస్తున్నాడు.

నౌకను వేడి నుంచి కాపాడే కవచం చూసే ఇంజినీరమ్మకు ఆ నునుపంటేనే ఒళ్ళుమంట. కవచం పలకల వెనక ఏం కాలిందో, ఏది వదులైందో చూడాలంటే నౌక ఒంటికి చిన్న చిన్న తలుపులుండాలి. ఆమె గీసిన తలుపులన్నీ సారు చెరిపేయించాడు. అతుకులు కనబడితే అందం చెడుతుందట! పైన పటారం, లోన లొటారం. రెండో ప్రయాణానికి పైలట్ ఆమె సొంత చెల్లెలు. మొదటి ప్రయాణంలో కాలిన కవచాన్ని విప్పి చూడకుండానే ఆ పిల్లను అందులో కూర్చోబెడతారు.

ఆఖరి సమావేశంలో అక్క మళ్ళీ అడిగింది.

"విప్పి చూడకుండా రెండోసారి ఎలా పంపుతాం సార్?"

"మొదటిసారి క్షేమంగా వచ్చిందంటే బాగున్నట్టేగా! ఇంకా విప్పడమెందుకు?" అన్నాడు సారు. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆయన తాన అంటే తందాన అనే బాపతు. అందరూ తలలూపారు.

పైలట్లు వెనక వరసలో ఉన్నారు. చెల్లెలు లేచింది.

"అయితే నన్ను మొదటి ప్రయాణానికి పంపండి సార్. రెండోదానికి ఇంకెవర్నైనా చూసుకోండి."

"నువ్వు కాకపోతే ఇంకొకరు. పైలట్లకేం కరువా?"

నౌకను ఒక్కసారి వాడి పారేయడం పాపమని ఊరూరా చెప్పుకొచ్చిన నోటి నుంచే వచ్చిందా మాట. అక్క ఏదో అనబోయేలోపే చెల్లెలి పక్కనున్న పైలట్ లేచాడు. ఆ పక్కనున్నావిడా లేచింది. చూస్తూండగానే వరసంతా నిలబడింది.

"కరువే సార్. రెండోసారికి మాలో ఎవరూ ఎక్కం" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

సారు మొహం కందగడ్డయింది. ఈసారి తలలూపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆయన అక్క వైపు తిరిగాడు.

"సరే, పెట్టుకో నీ తలుపులు! పొట్ట వైపు మాత్రం వద్దు. పోస్టర్లో కనబడేది అదే."

"కిందికి దిగేటప్పుడు కాలేది కూడా ఆ పొట్టే సార్" అంది అక్క. ఇంకేమీ అడక్కుండా మొదటి తలుపు ఆ పొట్ట మీదే గీసింది.