టిక్కు పడని వరుస

పూర్ణసంఖ్య రకానికి నాలుగు. ఆమె ప్రోగ్రామును నడిపించి, తెరమీద అదే అంకె వచ్చాక, పొడుగు నోటుపుస్తకంలోని పాత పెన్సిలు టిక్కును వేలితో తడిమి కింది వరుసలోకి దిగింది.

ప్రోగ్రామర్లు వాడే డేటాబేసు లైబ్రరీలో ఒక్కో డేటా రకానికి మారని అంకె ఒకటి ఉంటుంది. ఆ అంకెల పట్టిక ఉన్న వెబ్ పేజీలో వరుసకో వాక్యం రాయడం, స్వయంగా నడిపి చూడందే టిక్కు పెట్టకపోవడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఆఫీసులో అందరికీ పట్టికక్క. ఇవాళ సాయంత్రం ఆరింటికి ఆ పేజీ తీసేస్తారు, రేపటినుంచి యంత్రమే రాసుకుంటుంది. ఆమె ఉద్యోగమూ అంతటితో సరి. అయినా తన పేజీలో ఒక్క తప్పూ లేదని చూసుకుని మరీ వెళ్లాలట. అదేం పిచ్చో!

మధ్యాహ్నం డబ్బాలో అన్నం సగం తిని మూత పెట్టింది. దారం కట్టిన కళ్లజోడు సర్దుకుంది. మూడింటికి తేదీ రకం దగ్గర వేలు ఆగింది. టిక్కు లేదు. పేజీలో తొంభై మూడని ఉంది. నడిపితే తొంభై ఒకటి వచ్చింది.

ఆ వరుస రాసిన రోజు గుర్తుంది. తర్వాత సరిచూద్దామని తోచిన అంకె వేసిందో లేదో, ఆస్పత్రి నుంచి ఫోను. భర్త పోయాడు. రెండు వారాల తర్వాత వచ్చి కింది వరుస నుంచి అందుకుంది. పద్నాలుగేళ్లయింది.

పక్క సీటు ప్రోగ్రామరును పిలిచింది. "ఇది తప్పని ఎవరూ చెప్పలేదా?"

"మేం ప్రోగ్రాముల్లో రకం పేరే వాడతాం కదక్కా, అంకె ఎవరు చూస్తారు? ఒక్క ఫిర్యాదూ రాలేదు. మంచిదేగా!"

"తిట్టడానికైనా ఒక్కడు చదివుంటే బాగుండేది నాయనా."

అతను నవ్వబోయి మానేశాడు. "మూడు గంటల్లో పేజీయే ఉండదు. వదిలెయ్యక్కా."

ఆమె దిద్దింది. ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. ఆయన పోయిన రోజూ ఇంతే, మనసు మొద్దుబారి ఊరుకుంది.

దిద్దిన పేజీ బయటికి వెళ్లాలంటే ఇంకొకరు చదివి 'సరే' నొక్కాలి. ఇన్నాళ్లూ అందరూ చూడకుండానే నొక్కేవాళ్లు. అతను కుర్చీ లాక్కుని మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు పట్టింది. ఆమెకు ఎందుకో భయమేసింది. చివరి వరుస దాకా చదివి 'సరే' నొక్కాడు.

ఆరింటికి పేజీ పోయింది. ఆమె డబ్బా సంచిలో పెట్టుకుని, "వస్తాను నాయనా" అని వెళ్లిపోయింది.

నోటుపుస్తకం బల్లమీదే ఉండిపోయింది. తెరిచిన పేజీలో టిక్కులన్నీ వెలిసిపోయాయి, తేదీ పక్కన ఒక్కటే నల్లగా ఉంది.