కొంగగారి మ్యూజియం

పొద్దున్న ఆరు గంటలు. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. ఆమె వేలం గట్టు మీద కూర్చుని చేపల్ని వేరు చేస్తోంది. పెద్దవి ఒక పెట్టెలో, చిన్నవి ఒక పెట్టెలో, నలిగినవి కాళ్ళ దగ్గర. చేతులు పనిలోనే ఉన్నాయి, కళ్ళు మాత్రం నీళ్ళ మీద. ఆ రేవులో ఆడవాళ్ళందరికీ అదే అలవాటు. పడవలో మనుషుల్ని లెక్కపెట్టుకున్నాకే ఊపిరి పీలుస్తారు.

ఆమె లెక్క బొటనవేలితో మొదలవుతుంది. అది ఆయన. చూపుడువేలు పడవ నడిపే సరంగు, నడిమివేలు సరంగు తమ్ముడు, ఉంగరపువేలు ఇంజను చూసే మనిషి. పడవ మీద ఆ నలుగురే. చిటికెనవేలికి పని లేదు.

ఆ వేళకి ఇంట్లో చిన్నది లేచి గేమ్ పట్టుకుని కూర్చునేది. పన్నెండేళ్ళ పిల్ల. పళ్ళు తోముకోమంటే పది మాటలు చెబుతుంది గానీ గేమ్ దగ్గర మహా బుద్ధిమంతురాలు.

ఆ గేమ్‌లో ఒక దీవి ఉంది. దీవిలో చిన్నదానికో ఇల్లు, ఒక గాలం, ఒక వల. పురుగునో చేపనో పట్టుకుని మ్యూజియానికి తీసుకెళితే, కళ్ళజోడు పెట్టుకున్న కొంగ ఒకటి మెడ వంచి చూస్తుంది. "ఇది మా దగ్గర లేదండీ. ఇచ్చేస్తారా? ఒకసారి ఇచ్చాక తిరిగివ్వడం కుదరదు సుమండీ" అంటుంది. అవునని నొక్కితే అది అద్దం వెనక్కి చేరుతుంది. కింద పలక మీద ఇచ్చినవాళ్ళ పేరు పడుతుంది. మర్నాటి నుంచి ఆ జాతి వీళ్ళ వీధిలో గానీ, వీళ్ళ సముద్రంలో గానీ కనిపించదు.

మొదట పోయినవి దోమలు. పక్కింటి కుట్టుమిషనావిడ పనిగట్టుకుని వచ్చి అడిగింది.

"ఒసే చిన్నదానా, ఆ దోమల్ని మీ కొంగగారి చేతిలో పెట్టెయ్యవే, నీకు పుణ్యముంటుంది. రాత్రంతా చప్పట్లు కొట్టి చేతులు వాచిపోయాయి. మా ఆయన పాడినప్పుడు కూడా నేను అన్ని చప్పట్లు కొట్టలేదు."

చిన్నది ఇచ్చేసింది. ఆ రాత్రి వీధంతా కిటికీలు తీసి పడుకుంది. తర్వాత బొద్దింకలు, ఆ తర్వాత చెదలు. ఎవరికేది అక్కర్లేకపోతే అది చెప్పుకోవడానికి గుమ్మం దగ్గరకొచ్చేవాళ్ళు.

సాయంత్రాలు ఆయన స్నానం చేసి కూతురి పక్కన చేరేవాడు. దీవిలో ఆయనకీ ఒక బొమ్మ మనిషిని చేసిపెట్టింది చిన్నది. నీలం టోపీ, గళ్ళ చొక్కా, ఒక ఇల్లు. పేరు అడిగితే "నాన్న" అని కొట్టింది. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషి, అక్కడ గాలం వేస్తే పాత బూట్లు పడేవి.

"నిజం సముద్రమే నయం. ఇక్కడ చేప నన్ను చూసి నవ్వి మరీ పోతోంది" అనేవాడు.

"నాన్నా, నువ్వు ముందే లాగేస్తున్నావు. ఆగాలి."

"ఆగితే మీ అమ్మ అన్నం పెట్టదు."

ఎట్టకేలకి ఒకటి పట్టాడు. గుల్ల మోసుకుని నడిచే బుల్లి పీత. దాన్ని మ్యూజియానికి ఇచ్చి, పలక మీద "ఇచ్చినవారు: నాన్న" అని పడగానే, పొయ్యి దగ్గరున్న ఆమెని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాడు. పెళ్ళినాడు కూడా అంత మురవలేదు ఆ మనిషి. మర్నాడు ఒడ్డున ఆ పీతలు లేవు. ఖాళీ గుల్లలు అలకి దొర్లుతున్నాయి.

ఒకసారి టేకు చేప తోకముల్లు ఆయన పిక్కలో దిగింది. జ్వరంతో మూలుగుతూ పడుకున్నాడు. చిన్నది అన్నం మానేసి, గేమ్‌లో టేకు చేపని పట్టి కొంగకిచ్చేదాకా లేవలేదు. ఆ ఊపులోనే జెల్లీ చేపల్ని ఇచ్చింది. నీటిపాముల్ని ఇచ్చింది. సొరచేపల్ని ఇచ్చింది.

"ఇంక మా నాన్నని కుట్టేదీ లేదు, కరిచేదీ లేదు" అంది సరంగుతో.

"సముద్రాన్ని ఊడ్చి తుడిచి పెడుతోందయ్యా నీ కూతురు. ఇంక చెప్పులు విడిచి దిగాలి కాబోలు" అని నవ్వాడు సరంగు.

చివరికి మ్యూజియంలో ఒక్క గది మిగిలింది. దానికి కావలసింది వేలెడంత వెండి చేప. కవళ్ళు. రేవులో రోజూ బుట్టలకి బుట్టలు దిగేవి. చిన్నది గాలానికి పట్టింది గానీ, కొంగ ముందు నిలబడి తటపటాయించింది.

"నాన్నా, ఇది ఇవ్వనా? ఇవి మనకి రోజూ పడతాయి కదా?"

"ఇచ్చెయ్యమ్మా. ఇంత చేసి ఒక్క గది ఖాళీగా ఉంచుతావా? వేలెడంత చేప. సముద్రానికి లోటేంటి?"

ఆమె బట్టలు మడతపెడుతోంది. విన్నది. తనూ నవ్వింది.

కవళ్ళు పోయాయి. కవళ్ళని తినే చేపలు వాటిని వెతుక్కుంటూ, రేవుకి ఎదురుగా సముద్రంలో ఉన్న బండల అవతలికి పోయాయి. చేపల వెనక పడవలు పోయాయి. బండల ఇవతల ఎప్పుడూ చెరువులా ఉండే నీళ్ళు, అవతలికి వెళితే మాట వినవు.

నెల తిరక్కుండానే ఒక పొద్దున్న గాలి లేచింది. పడవ మధ్యాహ్నానికి వచ్చింది. ఆమె బొటనవేలు పట్టుకుని చూసింది. చూపుడువేలు వచ్చాడు. నడిమివేలు వచ్చాడు. ఉంగరపువేలు వచ్చాడు. సరంగు ఒడ్డుకి దిగి, తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"వదినా" అన్నాడు.

ఆమె చేతిలో చేప చేతిలోనే ఉంది. దాన్ని ఏ పెట్టెలో వెయ్యాలో తెలియలేదు.

పిల్లని ఎవరూ ఒక్క మాట అనలేదు. కుట్టుమిషనావిడ పూటపూటా క్యారేజీ తెచ్చింది. సరంగు రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుని వెళ్ళాడు. అనకపోవడమే చిన్నదానికి తగిలింది. ఒకరోజు తల దువ్వించుకుంటూ అడిగింది.

"అమ్మా, నాన్నని కరిచేవన్నీ నేను తీసేశాను కదా. మరెందుకు?"

ఆమె దువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది.

పెద్దాడు మోటారు షెడ్డులో పని చేసేవాడు. మీసం గట్టిపడ్డ కొడుకు, ఒకరి మాట వినే వయసు దాటింది. షెడ్డు మానేసి తండ్రి స్థానంలో పడవెక్కాడు.

"వద్దురా" అంది ఆమె.

"మరెవరు వెళతారమ్మా?"

చిటికెనవేలికి పని దొరికింది. ఆమె లెక్క చూపుడువేలితో మొదలుపెట్టడం నేర్చుకుంది.

చిన్నది గేమ్‌లో వేట మానేసింది. కానీ సాయంత్రమయ్యేసరికి గేమ్ తెరిచేది. ఒకసారి ఆమె వెనకనుంచి చూసింది. చిన్నదాని బొమ్మ ఆయన ఇంటి ముందు కలుపు పీకుతోంది. తర్వాత తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ దీవిలో అదొక పద్ధతి. ఎవరైనా ఆడకపోతే వాళ్ళ బొమ్మ మంచమ్మీద నిద్రపోతూ కనిపిస్తుంది. నీలం టోపీ దిండు పక్కన పెట్టుకుని, గళ్ళ చొక్కా పైకీ కిందకీ కదులుతూ, ఆయన పడుకుని ఉన్నాడు. నెత్తి మీద అక్షరాలు: నాన్న నిద్రలో ఉన్నారు.

ఆమె చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత మళ్ళీ గాలి లేచిన రోజొకటి వచ్చింది. పడవలన్నీ వచ్చాయి, వీళ్ళది రాలేదు. వేలం అయిపోయింది. గట్టు కడిగేశారు. ఆమె తడి గట్టు మీద అలాగే కూర్చుంది. మధ్యాహ్నం దాటాక వచ్చింది పడవ. పెద్దాడి అరచేతి చర్మమంతా తాడుకి అంటుకుని ఊడిపోయింది.

"చూశావా అమ్మా, గీతలన్నీ చెరిగిపోయాయి. ఇంక నా జాతకం నేనే రాసుకోవచ్చు" అని నవ్వబోయాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"రేపు మళ్ళీ వెళతావా?"

"బండల ఇవతల ఏముందమ్మా, నీళ్ళు తప్ప?"

వాడు పడుకున్నాక ఆమె చిన్నదాని పక్కన కూర్చుంది.

"నాకూ ఒక బొమ్మని చెయ్యవే."

చిన్నది ఆశ్చర్యపోలేదు. చేసింది. పేరు అడిగితే "అమ్మ" అని కొట్టింది. ఆమె బొమ్మ రెండుసార్లు చెట్టుకి గుద్దుకుని, ఒకసారి వాగులో పడబోయి, చివరికి మ్యూజియం చేరింది. కొంగ మెడ వంచింది. తెర మీద రెండే మాటలు వచ్చాయి. ఒకటి, "ఇవ్వడానికి వచ్చాను." రెండు, "ఊరికే వచ్చాను."

"తిరిగి ఇమ్మని అడగడానికి లేదా?"

"లేదమ్మా."

ఆమె "ఊరికే వచ్చాను" నొక్కింది. నొక్కి, తెర దగ్గరగా మొహం పెట్టి అడిగింది. "బాబూ, నా కొడుకు బండల అవతలికి వెళుతున్నాడు. ఆ చిన్నచేపల్ని ఇచ్చెయ్యి నాయనా. మిగతావన్నీ నువ్వే ఉంచుకో."

"తీరిగ్గా చూసి వెళ్ళండి" అంది కొంగ.

ఆమె చూసింది. అద్దాల వెనక కవళ్ళు గుంపుగా గిరికీలు కొడుతున్నాయి. ఆ పక్కన ఇసకలో బుల్లి పీత. పలక మీద ఆయన.

చిన్నది తెర వైపే చూస్తూ అంది.

"ఒక దారి ఉందమ్మా. దీవిని తీసెయ్యొచ్చు. మొత్తం. అప్పుడు మ్యూజియం ఉండదు. అందులోవన్నీ ఎక్కడివక్కడికి వెళ్ళిపోతాయి." ఆగింది. "నాన్న ఇల్లు కూడా ఉండదు. నాకు ముందే తెలుసమ్మా. నాన్న పోయిన రోజు నుంచీ తెలుసు. చెయ్యలేకపోయాను. అన్నయ్యకి ఏమన్నా అయి ఉంటే..."

ఆమె పిల్ల తలని ఒళ్ళోకి లాక్కుంది. ఏడవనిచ్చింది.

"కరిచేవాటిని తీశావు. నీళ్ళని ఎవరు తీస్తారు తల్లీ? ఆ చేపని ఇచ్చింది నువ్వొక్కదానివే కాదు. మీ నాన్న ఇచ్చెయ్యమన్నాడు, నేను నవ్వాను. ఇంటిల్లిపాదీ కలిసి ఇచ్చాం."

బయట పొద్దు వాలుతోంది, తుంపర పడుతోంది. ఇద్దరూ దీవిలో ఆయన ఇంటికి వెళ్ళారు. గుమ్మం ముందు మళ్ళీ రెండు కలుపు మొక్కలు లేచాయి. ఆమే పీకింది. లోపల ఆయన నిద్రపోతున్నాడు. లేపడానికి బొత్తాం లేదు. కూర్చోడానికి ఇంకో కుర్చీ లేదు. చిన్నది ఆమె బొమ్మని మంచం పక్కన నేల మీద కూర్చోబెట్టింది. తుంపర ఆగేదాకా అలా ఉన్నారు. గళ్ళ చొక్కా పైకి లేచింది, కిందకి దిగింది.

"నీ పీత బయటికొస్తుందిలే" అంది ఆమె, ఆయనతో.

చిన్నది ఆ బొమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చి ఏవేవో నొక్కింది. తెర అడిగింది: నిజంగా తీసెయ్యాలా? ఒకసారి తీశాక తిరిగి రాదు.

పిల్ల వేలు బొత్తాం దగ్గరే ఆగిపోయింది. ఆమె గేమ్ అందుకుంది.

"ఇలా తే. ఇది పెద్దవాళ్ళ పని."

నొక్కింది. తెర నల్లబడింది. నల్లటి తెరలో తల్లీ కూతుళ్ళ మొహాలు రెండే కనిపించాయి.

తెల్లారేసరికి కుట్టుమిషనావిడ చప్పట్లు కొట్టుకుంటూ గుమ్మంలోకొచ్చింది. చేతుల నిండా దద్దుర్లు. ఏదో అనబోయింది. మూలన పెట్టిన గేమ్‌ని చూసింది, చిన్నదాని ఉబ్బిన కళ్ళు చూసింది.

"దోమలు లేకపోతే నాకూ తోచడం లేదులేవే" అని పిల్ల తల నిమిరి, కాళ్ళు గోక్కుంటూ వెళ్ళిపోయింది.

మబ్బు విడిచింది. ఆ రోజు చిన్నది కూడా తల్లితో రేవుకొచ్చింది. బండల ఇవతల నీళ్ళు, ఎవరో అద్దం పగలగొట్టి పోసినట్టు మెరుస్తున్నాయి. పడవలు అక్కడే ఆగి ఉన్నాయి, కేకేస్తే వినిపించేంత దూరంలో. ఒక్కటీ అవతలికి వెళ్ళలేదు. సరంగు ఎవర్నో తిడుతున్నాడు. జెల్లీ చేపలు కూడా వచ్చినట్టున్నాయి.

"అమ్మా" అంది చిన్నది కిందకి చూస్తూ.

తడి ఇసక మీద బుల్లి పీత ఒకటి గుల్లని మోసుకుంటూ నడుస్తోంది. చిన్నది దాన్ని పట్టుకోలేదు. అడ్డం తొలిగింది.

వీళ్ళ పడవ ఎండ ఎక్కకముందే ఒడ్డు తాకింది. ఆమె చెయ్యి ఎత్తింది. చూపుడువేలు, సరంగు. నడిమివేలు, అతని తమ్ముడు. ఉంగరపువేలు, ఇంజను మనిషి. చిటికెనవేలు, చేతికి గుడ్డ కట్టుకుని దిగుతున్న పెద్దాడు.

అందరూ వచ్చారు. బొటనవేలు చిన్నదాని గుప్పెట్లో ఉంది.